యాద్ వాషెమ్ నుంచి హెర్జల్ కొండ దాకా

యెరూషలేం పోయొచ్చే మనవాళ్లలో ఎక్కువమంది చర్చి టూర్లలో వెళ్తారు. బెత్లెహేము, గలిలయ సముద్రం, యొర్దాను నదిలో బాప్తిస్మం, పాత నగరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు యూదుల్ని చంపిన హోలోకాస్ట్‌కి స్మారకం యాద్ వాషెమ్, దానికి గంట టైమిస్తే ఎక్కువ. నేను వెళ్లింది అలా కాదు. జగిత్యాల దగ్గర జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా బామ్మర్ది టెల్ అవీవ్ పక్కన రామత్ గన్‌లో ఒక ముసలామెను చూసుకునే కేర్‌గివర్. మా నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి ఈ పని మీద అక్కడికి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. 2019 వేసవి సెలవుల్లో "ఒక్కసారన్నా వచ్చి చూడు బావా" అని టికెట్ కొనిచ్చాడు.

ఆ మే నెలలో టెల్ అవీవ్‌లో యూరోవిజన్ పాటల పోటీలు. హోటల్ గదుల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. బామ్మర్ది ఇంకో నలుగురితో కలిసి తీసుకున్న అద్దె గదిలో, నేలమీద పరుపేసుకుని సర్దుకున్నాను. రోడ్డు పక్కన ఒక ఫలాఫెల్ రొట్టెకి మన లెక్కలో నాలుగొందలు. అదే డబ్బుతో మా ఊళ్లో ఇంటిల్లిపాదీ బిర్యానీ తింటాం.

మే 2న హోలోకాస్ట్ స్మారక దినం. ముందు రోజే బామ్మర్ది చెప్పాడు: "రేపు పది గొట్టంగనే సైరన్ మోగుతది బావా. ఏ పనిల ఉన్నా లేచి నిలబడాలె." ఆ టైముకి అతను పనిచేసే ఇంట్లోనే ఉన్నాను. ఆమెకి తొంభై దాటాయి. పుట్టింది రొమేనియాలో. మావాడు ఆమెను సవ్తా అంటాడు, అంటే నాయనమ్మ. సైరన్ మొదలవగానే ఆమె చక్రాల కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి లేవబోయింది. వాడు చంకల కింద పట్టుకుని లేపాడు. కాళ్లు వణుకుతున్నాయి. మధ్యలో కూర్చోబెట్టబోతే తల అడ్డంగా ఊపింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడ ఆగి, డ్రైవర్లు తలుపులు తీసుకుని దిగి నిలబడ్డారు. రెండు నిమిషాలు. ఆగగానే ఆమె కూర్చుని టీ అడిగింది.

తర్వాతి వారం టెన్షన్‌గా గడిచింది. గాజా నుంచి వందల రాకెట్లు, ఇటునుంచి విమాన దాడులు, రెండు వైపులా మనుషులు చనిపోయారు. అది సద్దుమణిగిందో లేదో, 8న సైనికుల స్మారక దినం, ఆ సాయంత్రం చీకటి పడగానే స్వాతంత్ర్య దినోత్సవ సంబరాలు. పగలంతా సమాధుల దగ్గర ఏడ్చినవాళ్లు రాత్రికి వీధుల్లో డాన్సులు చేస్తున్నారు. ఒక దేశం తన క్యాలెండర్‌నే పాఠంగా అమర్చుకుందని అప్పుడు అర్థమైంది: నాశనం, ఆ తర్వాత త్యాగం, ఆ తర్వాత రాజ్యం, అన్నీ ఎనిమిది రోజుల్లోపే.

ఆ వారాంతం అయ్యాక యెరూషలేం వెళ్లాను. 405 బస్సుకి అప్పట్లో 16 షెకెళ్లు (అక్కడి డబ్బు), అక్కణ్నుంచి ట్రామ్‌కి 5.90. యూదు రాజ్యం కోసం ఉద్యమం నడిపిన హెర్జల్ పేరు మీదున్న కొండ దగ్గర దిగితే యాద్ వాషెమ్‌కి ఉచిత బస్సుండేది, మ్యూజియానికీ టికెట్ లేదు. ఆ దేశంలో నాకు టికెట్ లేకుండా దొరికిన ఒకే ఒక చోటు అదే. ఆ బస్సులోనే నీలం జాకెట్లు వేసుకున్న పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కనిపించారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన యూదు విద్యార్థులు. పోలెండ్‌లో నాజీల మృత్యు శిబిరాలైన ఆష్విట్జ్ నుంచి బిర్కెనావ్ దాకా 3 కిలోమీటర్ల నడకలో పాల్గొని ఇటొచ్చారు. 1988లో మొదలైన ఈ నడకకి ఏటా ప్రపంచం నలుమూలల నుంచీ యూదు పిల్లలొస్తారు. వాళ్ల టీచరమ్మకి యాభై ఏళ్లుంటాయి. నేనూ మాస్టారినే అని చెప్పి, మీ వెంట నడవచ్చా అని అడిగితే "రండి, కానీ వెనకాల ఉండండి, పిల్లలు నన్నే చూడాలి" అంది.

మ్యూజియం కొండని చీల్చుకుంటూ పోయే 180 మీటర్ల త్రికోణపు కాంక్రీటు సొరంగం. వాస్తుశిల్పి మోషే సాఫ్‌దీ, తెరిచింది 2005లో. చివర వెలుగు కనిపిస్తూనే ఉంటుంది, తిన్నగా పోనివ్వరు. నేలలో అడ్డంగా కందకాలు, అటూ ఇటూ గదుల్లోంచి మెలికలు తిరుగుతూ పోవాలి. వార్సా ఘెట్టో అంటే పోలెండ్‌లో నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన వాడ; ఆ గదిలో లెష్నో వీధి నుంచి తెచ్చిన అసలు రాళ్లే పరిచారు. ఒకచోట కాళ్ల కింద అద్దం, దాని కింద బూట్లు. పదేళ్లలోపు పిల్లల్ని ఈ మ్యూజియంలోకి రానివ్వరు.

టీచరమ్మ లోపల శవాల ఫోటోల ముందు ఎక్కడా ఆగలేదు. యుద్ధానికి ముందు ఆ కుటుంబాలు ఎలా బతికాయో చూపించే చోట మాత్రం చాలాసేపు ఆపింది: పెళ్లిళ్లు, బడులు, మంచుమీద ఆటలు. ఇక్కడి విద్యావిభాగం దీన్ని పద్ధతిగా నేర్పుతుందట. పిల్లల్ని క్షేమంగా లోపలికి తీసుకెళ్లాలి, క్షేమంగా బయటికి తేవాలి. చంపేసిన యూదులు 60 లక్షలు అనే అంకె పిల్లలకి ఎక్కదు, ఒక మనిషి ఎక్కుతాడు. మనం పాఠం చెప్పేటప్పుడు చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. కరువులో ఇన్ని లక్షలు, విభజనలో ఇన్ని లక్షలు అని బోర్డు మీద రాస్తాం, పరీక్షలో అడుగుతాం, అక్కడితో అయిపోతుంది.

బయట యానుష్ కోర్చాక్ విగ్రహం దగ్గర అందర్నీ కూర్చోబెట్టింది. ఘెట్టోలో అనాథాశ్రమం నడిపిన డాక్టరు. విగ్రహంలో ఆయన చేతులు పిల్లల్ని చుట్టుకుని ఉంటాయి, వేళ్లు మరీ పెద్దవి. 1942 జులై 18న, వార్సా నుంచి ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి రైళ్లు మొదలవడానికి నాలుగు రోజుల ముందు, ఆయన పిల్లలు ఒక నాటకం వేశారని చెప్పింది. అది మన రవీంద్రనాథ్ ఠాగూర్ 'డాక్ ఘర్'! గదిలోంచి కదలకూడని జబ్బు పిల్లాడు రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. ఆగస్టులో దాదాపు 200 మంది పిల్లల్ని తీసుకెళ్తుంటే, తప్పించుకునే అవకాశం ఉండి కూడా ఆయన వాళ్లతోనే వెళ్లాడు. "ఆ నాటకమే ఎందుకు ఎంచుకున్నాడు?" అని అడిగి ఊరుకుంది. జవాబు చెప్పలేదు. ఒకమ్మాయి "మూసిన గదిలోంచి కిటికీ చూపించడానికి" అంది. ఇంకొకడు "చావంటే భయపడకుండా ఉండటానికి" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఠాగూర్‌ని ఏళ్లుగా జాతీయగీతం దగ్గరే ఆపేశాం మనం.

అక్కణ్నుంచి హెర్జల్ కొండ మీది జాతీయ శ్మశానానికి చెట్లమధ్య కాలిబాట ఉంది. 2003లో యువజన సంఘాల పిల్లలే వేశారు. దారి పొడవునా రాజ్యం ఏర్పడే ముందటి ఘట్టాల బోర్డులు. కింద స్మారకం, పైన రాజ్యం, మధ్యలో ఎక్కడం. ఇంత సూటిగా కట్టిన పాఠం నేనెక్కడా చూడలేదు. సగం దారిలో ఒకబ్బాయి అడిగాడు: "హోలోకాస్ట్ జరక్కపోతే ఇజ్రాయెల్ వచ్చేదే కాదా?"

టీచరమ్మ బోర్డుకి ఆనుకుని నిలబడింది. యూదు రాజ్యం కోసం హెర్జల్ పెట్టిన బాసెల్ మహాసభ 1897, పాలస్తీనాలో యూదులకి నివాసం ఇస్తామన్న బ్రిటన్ మాట బాల్ఫర్ ప్రకటన 1917, హీబ్రూ విశ్వవిద్యాలయం 1925, రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికే పాలస్తీనాలో నాలుగు లక్షలకు పైగా యూదులు. "చచ్చిపోయిన వాళ్లకి బదులుగా ఎవరో ఇచ్చిన బహుమతి కాదిది. ఇక్కడికొచ్చి బతకాల్సినవాళ్లే లక్షలమంది అక్కడ పోయారు" అంది. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకి 33 ఓట్లు అనుకూలం, 13 వ్యతిరేకం అని చెప్పి నా వైపు చూసింది. వ్యతిరేకించిన వాటిలో మన దేశం ఉంది మరి. పిల్లలందరూ వెనక్కి తిరిగారు. అప్పటికి మా దేశమే విభజన మంటల్లో ఉంది అని చెప్పాను.

అప్పుడు ఇందాకటి అమ్మాయే అడిగింది: "మరి ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు?" ఒకరిద్దరు ముఖాలు చిట్లించారు. టీచరమ్మ ఉత్తరం వైపు చెయ్యి చూపింది. ఆ వైపు కొండమీద దేర్ యాసీన్ అనే అరబ్బు ఊరుండేది. 1948 ఏప్రిల్ 9న యూదు సాయుధ దళాలు అక్కడ వందమందికి పైగా జనాన్ని చంపాయి. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనా వాళ్లు ఇళ్లు పోగొట్టుకున్నారు, వాళ్లు దాన్ని నక్బా అంటారు. ఇదంతా గొంతు తగ్గించకుండా చెప్పింది. "ఈ రోజు ఇక్కడ అది చెప్పాలా?" అని ఒకడు గట్టిగానే అన్నాడు. "ఇక్కడే చెప్పాలి. నీకు ఇంకెక్కడో ఇంకెవరో చెప్తే నేను దాచానని అనుకుంటావు" అంది. వాడికి నచ్చలేదు. పైకి ఎక్కేదాకా ఆమెతో వాదిస్తూనే ఉన్నాడు, ఆమె వాదించనిస్తూనే ఉంది. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని అని నా నమ్మకం. ఒక దుఃఖం చెప్తే ఇంకో దుఃఖం చిన్నదైపోతుందన్న భయం పెద్దవాళ్లదే.

పైన హెర్జల్ సమాధి, నల్లరాయి మీద పేరు తప్ప ఇంకేమీ లేదు. స్వాతంత్ర్య దినోత్సవ దివిటీల సభ కోసం కట్టిన స్టాండ్లు కూలీలు విప్పుతున్నారు. సైనిక సమాధులన్నీ ఒకే తీరు. తలగడలాంటి రాయి, దానిమీద అమ్మానాన్నల పేర్లు, పుట్టిన ఊరు, దేశానికొచ్చిన ఏడాది, చనిపోయిన వయసు. 1948 వరసల్లో పిల్లలు వంగి చదువుతున్నారు. కొన్నిచోట్ల వచ్చిన ఏడాదీ పోయిన ఏడాదీ ఒకటే. హోలోకాస్ట్‌లో ఇంటిల్లిపాదీ పోగా మిగిలిన ఆఖరి మనిషి, ఇక్కడి యుద్ధంలో నేలకొరిగితే, అలాంటివాళ్లకి విడిగా ఒక స్మారకం కూడా ఉంది.

తిరుగు ట్రామ్‌లో నా బుర్రంతా మా తెలంగాణలోని బైరాన్‌పల్లి. అదే 1948, ఆగస్టు 27. రజాకార్లు ఆ ఊరిమీద పడి జనాన్ని చంపారు, బురుజు ఇప్పటికీ ఉంది. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండకి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనా 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. సెప్టెంబర్ 17 వస్తే విమోచనమా, విలీనమా అని పార్టీలు కొట్టుకుంటాయి. నా తరగతిలో రెండు రకాల కుటుంబాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. నేను ఐదు రోజుల సైనిక చర్య అని డిక్టేట్ చేసి గంట కొట్టగానే బయటికొస్తాను.

జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతికి హోంవర్కు ఇచ్చాను. ఇంట్లోనో వాడకట్టులోనో 1948 చూసినవాళ్లుంటే కూర్చుని అడిగి, ఒక మనిషి గురించి ఒక పేజీ రాసుకురమ్మన్నాను. పద్దెనిమిది పేజీలొచ్చాయి. బైరాన్‌పల్లి బురుజు దగ్గర కూర్చుని అవి చదివిద్దామని బస్సు బేరమాడితే పన్నెండు వేలు చెప్పాడు. పిల్లలు తలా రెండొందలు వేసుకుంటామన్నారు, మిగతాది మా స్టాఫ్‌రూమ్‌లో పోగుచేయడం మొదలుపెట్టాం.