ఏఇటా కాహార?

బరంపురం వచ్చిన ఆరో రోజునే నేను ఆసుపత్రి ల్యాబ్ ఆపేశాను.

మాది తెనాలి. విజయవాడలో రెండేళ్లు చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూశాక, ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే ఉద్యోగం దొరికింది. "ఒరిస్సానా? భాష రాదు కదే" అంది అమ్మ. నాకూ అదే భయం. తీరా స్టేషను బయట ఆటో అతను నా ఫోన్ మాటలు విని, "ఏ వూరమ్మా మీది?" అని తెలుగులోనే పలకరించాడు. ఇచ్ఛాపురం దాటితే తెలుగు ఆగిపోతుందనుకున్నదాన్ని, అక్కడే నిలబడిపోయాను.

నాకంటే ముందు ఈ పని చూసినతను మానేసి అప్పటికి నాలుగు నెలలు. నాకు అప్పగించినవి ఒక రిజిస్టరు, లినక్స్ వేసిన ఒక పాత ల్యాప్‌టాప్, సర్వర్ గది తాళం. రిజిస్టరులో 39 పరికరాల పేర్లు, నెట్‌వర్క్‌లో వాటికిచ్చిన నంబర్లు, అంటే ఐపీ అడ్రసులు ఉన్నాయి. దాంతోపాటు రోజూ పొద్దున ఒకే ఫిర్యాదు: బిల్లింగ్ కౌంటర్లో రెండు మూడు కంప్యూటర్లు సర్వర్‌ను అందుకోవడం లేదు. కౌంటరు ముందు ఓపీ చీటీలు పట్టుకుని జనం. నేను వెళ్లేసరికి ఎవరో మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేసి ఉంటారు, అది పనిచేస్తూ ఉంటుంది. కారణం మాత్రం దొరకదు.

కొత్త నెట్‌వర్క్ చేతికొస్తే మొదట అందులో ఏమేం ఉన్నాయో చూసుకోవాలి. దానికి మావాళ్లందరూ వాడేది ఎన్‌మ్యాప్. 1997లో గోర్డన్ లయన్ అనే ఆయన రాసి విడుదల చేశారు, ఇప్పటికీ ఉచితమే. నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొడితే, మీరు చెప్పిన ప్రతి అడ్రసుకూ వెళ్లి అక్కడ ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని వస్తుంది. మా ఆసుపత్రి నెట్‌వర్క్‌లో అలాంటి అడ్రసులు 254. "మైనస్ ఎస్ ఎన్" అని చేరిస్తే ఉన్నారా లేరా అన్నంతవరకే చూస్తుంది. "మైనస్ ఎస్ వీ" అంటే ఒక్కో యంత్రం దగ్గరా ఆగి, ఏ తలుపులు, అంటే ప్రోగ్రాంలను బయటి నుంచి అందుకునే దారులు, తెరిచి ఉన్నాయో, వాటి వెనుక ఏ ప్రోగ్రాం నడుస్తోందో మాటలు కలిపి మరీ తెలుసుకుంటుంది.

మొదటి రకంతో చూస్తే నా లెక్కలో 31 మాత్రమే తేలాయి. రిజిస్టరులో 39 ఉంటే మిగతా ఎనిమిది ఏమైనట్టు? టెన్షన్ పట్టుకుంది. పగలు 11 గంటలకు, ఎవరినీ ఒక్క మాట అడగకుండా, నెట్‌వర్క్ మొత్తం మీద రెండో రకం స్కాన్ వదిలాను.

పది నిమిషాలకు ల్యాబ్ నుంచి ఫోన్. ఒడియాలో గబగబా ఏదో చెబుతున్నారు. అందులో "మెషిన్", "బంద్" అన్న రెండు ముక్కలే నాకు అర్థమయ్యాయి. పక్కనే నిచ్చెన మీద ట్యూబ్‌లైట్ మారుస్తున్న ఎలక్ట్రీషియన్ దిగి వచ్చి, ఫోన్ తీసుకుని విని, "రక్తం లెక్క మిషన్నుంచి కంప్యూటర్లోకి రిపోర్టులు రాడం లేదటమ్మా" అన్నారు. ఆయన్ని ఆ రోజు నుంచే బాబాయ్ అని పిలుస్తున్నాను.

ల్యాబ్‌లో ఆ మిషన్ పాతకాలంది. దానికి లాన్ కేబుల్ పెట్టే చోటే లేదు. వెనక సీరియల్ తీగ ఒకటి వచ్చి, అగ్గిపెట్టెకు రెండింతలుండే ఒక డబ్బాలో దూరుతుంది. ఆ డబ్బా నుంచి లాన్ కేబుల్ బయటికి వస్తుంది. ఆ డబ్బా ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడగలదు. నా స్కాన్ వెళ్లి అదే తలుపు తట్టేసరికి ల్యాబ్ కంప్యూటరుతో ఉన్న లైను తెగిపోయింది, ఆ తర్వాత డబ్బా బిగుసుకుపోయింది. కరెంటు పీకి మళ్లీ పెడితే గానీ లేవలేదు. ఇదంతా నాకు తెలిసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ల్యాబ్ అతను మిషన్ మీదున్న చిన్న తెరలో అంకెలు చూస్తూ కాగితం మీద చేత్తో రాశాడు. పైనున్న కాగితం డెంగీ అనుమానంతో చేరిన ఒక పిల్లవాడిది, ప్లేట్‌లెట్ల లెక్క. వాళ్ల నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఒక్క అంకె తారుమారైతే? నాకు చేతులు వణికాయి.

సాయంత్రం మేనేజరు గదికి వెళ్లి, నా వల్లే జరిగిందని చెప్పాను. ఇకమీదట స్కాన్ చేయాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలని నేనే అడిగాను. మన ఐటీ చట్టం, 2000లో 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు జోలికి, నెట్‌వర్క్ జోలికి వెళ్లడం గురించే. దురుద్దేశంతో అదే పని చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఉద్యోగం ఇచ్చారు కదా అని అన్నీ ముట్టుకోవచ్చనుకోకూడదు. ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్ల మీద నేర్చుకునేవాళ్లకూ నేను ముందు చెప్పేది ఇదే. మీ నెట్‌వర్క్ కాకపోతే ఆ కమాండు కొట్టకండి.

మేనేజరు కాగితం మీద సంతకం పెట్టారు, ల్యాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డూ ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే బాబాయ్‌ని వెంటబెట్టుకుని గదిగదికీ వెళ్లాను. మీ మిషన్ ఏ వేళలో ఖాళీగా ఉంటుంది, ఏది ముట్టుకుంటే కష్టం అని అడిగాం. ఐసీయూ మానిటర్లను స్కాన్ నుంచి పూర్తిగా తీసేశాను. వాటి అడ్రసులు వదిలేయమని ఎన్‌మ్యాప్‌కు చెప్పే వీలుంది. ల్యాబ్ అతను రాత్రి పది తర్వాత అన్నాడు. పగలు నాకు దొరకనిది రాత్రి దొరకడానికి ఆయన చెప్పిన ఆ మాటే కారణం.

ఈ తిరుగుడులోనే నాకు మొదటి ఒడియా వాక్యం వచ్చింది. ప్రతి గదిలో ఏదో ఒక డబ్బా చూపించి బాబాయ్ అడిగేవారు, "ఏఇటా కాహార?" అని. ఇది ఎవరిది అని అర్థం. రెండో అంతస్తుకు వెళ్లేసరికి నేనే అడగడం మొదలుపెట్టాను.

బాబాయ్‌ది పట్టు నేత కుటుంబం. ముత్తాతల నాటి నుంచీ ఇదే వీధి, ఇదే ఇల్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. "రాష్ట్రపతి గిరిగారు ఈ వూర్లోనే పుట్టీసినారు, తెలుసునా?" అని నన్నడిగారు. వి.వి.గిరి గారు 1894లో పుట్టింది బరంపురంలోనే. బాబాయ్ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు చక్కగా మాట్లాడతారు, రాయడం మాత్రం రాదు. నాకేమో ఒడియా అక్షరం ఒక్కటీ తెలియదు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. అమ్మవారు పుట్టింటికి వస్తుందని వీళ్ల నమ్మకం. నేత వాళ్ల వీధిలో పందిరి వేసి, ఆడపిల్లను పిలుచుకున్నట్టే పిలుచుకుంటారు. అది విన్న రోజు రాత్రి అమ్మతో ఎక్కువసేపు మాట్లాడాను.

సరే, గదులన్నీ తిరిగిన రోజు రాత్రి పదిన్నరకు మళ్లీ కూర్చున్నాను. అదే తేలిక రకం స్కాన్, ఈసారి ముందు "సుడో" చేర్చి, అంటే అడ్మిన్ హక్కుతో. మూడు సెకన్లు కూడా పట్టలేదు. 58.

పగలు 31, ఇప్పుడు 58. అడ్మిన్ హక్కు లేనప్పుడు ఎన్‌మ్యాప్ ఒక్కో అడ్రసులో 80, 443 అనే రెండు తలుపులు మాత్రమే తట్టి చూస్తుంది. ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రాం ఉన్న కంప్యూటరు పలకదు, లేనట్టే లెక్క. అడ్మిన్ హక్కుతో, అదే లోకల్ నెట్‌వర్క్‌లో నడిపితే ఏఆర్‌పీ వాడుతుంది. ఈ అడ్రసు ఎవరిది అని అందరికీ వినబడేలా కేక వేయడమే ఏఆర్‌పీ. ఉన్నావా అని అడిగే మామూలు పలకరింపుకు, అంటే పింగ్‌కు, నోరు విప్పని యంత్రం కూడా దీనికి బదులు చెప్పాలి. చెప్పకపోతే పక్క యంత్రాలు దానికి ఏమీ పంపలేవు. తెర ముందు కూర్చుని నాలో నేనే అనుకున్నాను, ఇది పొద్దుటి నుంచీ మేము గదిగదికీ తిరిగి అడిగిన ప్రశ్నే కదా అని. ఏఇటా కాహార?

బదులుతో పాటు ఒక్కో యంత్రం మ్యాక్ అడ్రసు, అంటే తయారీలోనే దానికి వేసే గుర్తింపు సంఖ్య కూడా వస్తుంది. అందులో మొదటి సగం తయారుచేసిన కంపెనీది కాబట్టి కెమెరా ఏదో, ప్రింటర్ ఏదో చాలావరకు పోల్చుకోవచ్చు. రిజిస్టరులో లేని 19లో పద్దెనిమిదికి ఆ వారంలోనే చోటు తెలిసింది. మిగిలిన ఆ ఒక్కటి, ఇళ్లలో వాడే రౌటర్లు చేసే కంపెనీది.

అప్పుడు అనుమానం వచ్చి, అడ్రసులు పంచేది ఎవరో బయటపెట్టే స్క్రిప్టు ఒకటి ఎన్‌మ్యాప్‌లోనే ఉంటే దాన్ని నడిపాను. కంప్యూటరు ఆన్ కాగానే నాకొక అడ్రసు ఇవ్వండి అని అడుగుతుంది. మా దగ్గర ఇవ్వాల్సింది ఒక్క సర్వరే. ఆ రాత్రి జవాబులు రెండు వచ్చాయి.

రెండో అంతస్తు నర్సుల విశ్రాంతి గదిలో, బీరువా వెనక దొరికింది. ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి. గోడలోంచి వచ్చిన కేబుల్‌ని, బయటి లైనుకని వేరే రంగులో ఉండే పోర్టులో కాకుండా, పక్కన వరుసగా ఉన్న లాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టారు. అలా పెడితే ఆ రౌటరు ఆసుపత్రి మొత్తానికీ అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. నేను ఒడియాలో అడిగాను. గదిలో ఎవరూ పలకలేదు. బాబాయ్ తెలుగులో, "ఎవర్దమ్మా ఇది? భయపడకండి" అన్నారు. మూలనున్న అమ్మాయి లేచి నిలబడింది.

"నాదే అక్కా."

ఆమెది పర్లాకిమిడి. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ అందదు. మూడేళ్ల బాబు అమ్మమ్మ దగ్గర ఉన్నాడు, అమ్మ ముఖం చూడందే నిద్రపోడు. నైట్ డ్యూటీకి రాగానే రౌటరు ఆన్ చేస్తుంది, పొద్దున ఎనిమిదికి వెళ్తూ ఆపేస్తుంది. బిల్లింగ్ కౌంటరు తెరిచేది ఏడున్నరకు. ఆ అరగంటలో ఆన్ అయిన కంప్యూటర్లలో కొన్నింటికి ఈ రౌటరు నుంచి తప్పు అడ్రసు వచ్చేది. ఎనిమిది దాటాక ఎవరైనా ఆపి ఆన్ చేస్తే అసలు సర్వరే ఇచ్చేది. నాలుగు నెలలుగా కౌంటరు ముందు జనం నిలబడింది ఈ అరగంట వల్లే. పగలు స్కాన్ చేస్తే రౌటరు ఆపేసి ఉంటుంది కాబట్టి నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

రిపోర్టులో డబ్బా గురించి రాశాను, ఆమె పేరు రాయలేదు. ఎవరని మేనేజరు రెండుసార్లు అడిగారు. ఆ గదికి వైఫై కావాలని నర్సులు అంతకుముందే అడిగారట, పట్టించుకున్నవాళ్లు లేరు. ముందు అది పెట్టించండి సార్ అన్నాను. పట్టుబట్టి అడగగా మూడు వారాలకు, ఆసుపత్రి పనులతో కలవని వేరే లైను మీద ఒక వైఫై పెట్టించారు.

కొత్త రిజిస్టరు నేను, బాబాయ్ కలిసి రాశాం. పరికరం పేరు నేను తెలుగులో, అది ఉన్న చోటు ఆయన ఒడియాలో. చివర ఒక గడి కొత్తగా గీశాం, ఎప్పుడు తట్టాలి అని. ల్యాబ్ డబ్బాకు ఎదురుగా ఆ గడిలో బాబాయ్ ఒడియాలో ఒక వరుస రాసి, నాకు చదివి వినిపించారు. రాత్రి పది తర్వాత, ల్యాబ్‌లో చెప్పి.