వైన్లు చేత్తో కలిపి చూడటం, ఆ తర్వాతే చీజ్: నా అనుభవం

వేర్వేరు ద్రాక్షల వైన్లను కలిపి చేసే బ్లెండ్ వైన్‌ను సీసా మీది రాతలు చదివి అర్థం చేసుకోవడం కష్టం. ఒక్కో ద్రాక్షతో విడివిడిగా చేసిన మూడు నాలుగు వైన్లు ఎదురుగా పెట్టుకుని, కొలిచి కలిపి రుచి చూస్తే మాత్రం ఏది ఎందుకు వేస్తారో ఒక్క పూటలో తెలిసిపోతుంది. నేను ఈ పనిని రెండు రోజులు చేస్తాను. మొదటి రోజు కలపడం, రెండో రోజు చీజ్, తిండి. ఈ వరస మార్చకూడదు. చీజ్‌లోని కొవ్వు, ఉప్పు, ప్రోటీన్ కలిసి వైన్‌లోని వగరునూ చేదునూ కప్పేస్తాయి. చీజ్ నములుతూ కలిపిన బ్లెండ్ ఆ పూటకు బ్రహ్మాండంగా ఉంటుంది, మర్నాడు ఒట్టిగా తాగితే నాలుక గీరుకుపోతుంది. కొనేటప్పుడు యాపిల్‌తో రుచి చూడు, అమ్మేటప్పుడు చీజ్‌తో చూపించు అని వైన్ వర్తకుల్లో ఒక పాత మాట ఉంది. యాపిల్‌లోని పులుపూ తీపీ వైన్ లోపాల్ని బయటపెడతాయి, చీజ్ దాచిపెడుతుంది.

మొదటిసారికి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర ద్రాక్షల కుటుంబమే మంచిది: కాబెర్నే సావిన్యాన్ (ఇకపై ఒట్టి కాబెర్నే అంటే ఇదే), మెర్లో, కాబెర్నే ఫ్రాంక్, దొరికితే పెటీ వెర్డో. అక్కడ కలపడం మొదలైంది రుచి కోసమే కాదు, పంట భద్రత కోసం కూడా. మెర్లో ముందుగా చిగురిస్తుంది కాబట్టి వసంతంలో మంచు దెబ్బ తగిలే ప్రమాదం దానికెక్కువ. కాబెర్నే ఆలస్యంగా పండుతుంది, కోతకు ముందు వానలొస్తే అది నష్టపోతుంది. ఒకటి దెబ్బతిన్న ఏడాది రెండోది ఆదుకుంటుంది. అక్కడి జిరోండ్ నదీముఖానికి ఎడమ గట్టున మెడాక్‌లోని గులకరాళ్ళ నేల వేడిని పట్టి ఉంచుతుంది, నీటిని నిలవనీయదు. అందుకే అక్కడ కాబెర్నేది పైచేయి. కుడి గట్టు వైపు సెంట్ ఎమిలియాన్, పోమెరోల్‌లలో చల్లటి బంకమట్టి ఎక్కువ, అక్కడ మెర్లోది పైచేయి.

సీసాలు ఎంచుకునేటప్పుడు ఒక చిక్కుంది. ముందు ఒకే ద్రాక్ష పేరు రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నదంతా అదే కానక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం 85 శాతం, అమెరికాలో మామూలుగా 75 శాతం ఉంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. అంటే మీరు కాబెర్నే అనుకుని కొలిచి పోసేది అప్పటికే బ్లెండ్ అయి ఉండవచ్చు, అప్పుడు మీ లెక్క మొదటి గ్లాసులోనే తప్పుతుంది. వెనక చీటీలో 100 శాతం అని ఉందేమో చూసి తీసుకోండి. కొత్త ఓక్ పీపాల్లో చాలాకాలం ఉంచిన వైన్లు ఈ పనికి వద్దు. వెనిలా వాసన కమ్మేసి ద్రాక్ష తేడాలు కనపడనివ్వదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. సూది లేని 10 మి.లీ. సిరంజీలు వైన్‌కొకటి, కొలత గీతలున్న 50 మి.లీ. గాజు కొలపాత్ర ఒకటి, ఒకే ఆకారంలో ఆరు గ్లాసులు, ఉమ్మడానికి లోతైన గిన్నె, ఉప్పు లేని బ్రెడ్, నీళ్ళు. గ్లాసుల్లో సబ్బు వాసన ఉంటే ఏం కలిపినా వృథా. వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కల వైన్‌తో తిప్పి పారబోస్తాను. ఉమ్మడం మర్యాద కాదనుకునేవాళ్ళు ఉంటారు. కానీ మింగుతూ పోతే నాలుగో గ్లాసు దగ్గరే నాలుక తీర్పు చెప్పడం మానేస్తుంది.

సీసాలన్నీ ఒకే చల్లదనంలో, 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాబెర్నే 12 డిగ్రీల్లోనూ మెర్లో 20లోనూ ఉంటే, కాబెర్నే వాసన ముడుచుకుపోయి వగరు రెట్టింపుగా అనిపిస్తుంది. లేని లోపాన్ని సరిచేయడానికి మెర్లో పోస్తూ పోతారు.

కలపకముందు ఒక్కోటీ 30 మి.లీ. పోసి విడిగా చూస్తాను. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడిందని అర్థం, ఆ సీసాను పక్కన పెట్టేయాలి. దానికి కారణమైన టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలుస్తుంది. మంచి వైన్‌లో కలిపితే విరిగిపోతుందిలే అనుకోవద్దు, మంచిది కూడా పోతుంది.

విడిగా తాగినప్పుడు నేను రాసుకునేది పళ్ళ పేర్లు కాదు, నోట్లో రుచి నడిచే తీరు. ఈ విషయంలో తెలుగు నాలుక అదృష్టవంతురాలు. టానిన్ అంటే ఏమిటో మనకు వేరే వివరించక్కర్లేదు, వగరు అంటే చాలు. లాలాజలంలోని ప్రోటీన్లను టానిన్ పట్టుకుంటుంది, నోటి జారుడు పోయి చిగుళ్ళు బిగుస్తాయి. కాబెర్నే మొదట్లో గట్టిగా పలుకుతుంది, మధ్యలో బోలుగా ఉంటుంది, చివర వగరుతో పట్టుకుంటుంది. మెర్లో సరిగ్గా ఆ మధ్య బోలును నింపుతుంది. కాబెర్నే ఫ్రాంక్‌తో వాసన పైకి లేస్తుంది, వెంట కొంచెం పచ్చి ఆకు వాసన కూడా వస్తుంది. పెటీ వెర్డో రంగుకీ వగరుకీ.

ఇక కలపడం. ప్రతి నమూనా 50 మి.లీ. చేస్తాను. అప్పుడు 1 మి.లీ. అంటే 2 శాతం, లెక్క నోటితోనే అయిపోతుంది. మొదటి విడతలో కాబెర్నే, మెర్లో రెండే: 35కి 15, 30కి 20, 20కి 30. గ్లాసుల అడుగున అంకెలు రాసి, వేరొకరితో స్థానాలు మార్పించి, ఏది ఏదో తెలియకుండా తాగాలి. తెలిసి తాగితే ఖరీదైన సీసా ఎక్కువ పడినదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఇందులో 30కి 20 గెలిచిందనుకుందాం. రెండో విడతలో కాబెర్నేను కదపకుండా, మెర్లో వాటాలోంచి తీసి ఫ్రాంక్‌కు ఇస్తాను: 30, 15, 5 ఒకటి, 30, 10, 10 ఇంకొకటి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్న పట్టుదల ఎందుకంటే, రెండు మార్పులు చేస్తే మంచి దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు. మూడో విడతలో పెటీ వెర్డో 1 మి.లీ., తర్వాత 2 మి.లీ. ఇది కూరలో ఇంగువ లాంటిది. 5 శాతం దాటితే మిగతా మూడూ మూగబోతాయి.

చివర్లో చేర్చినది నిజంగా పనిచేసిందా, లేక మన ఊహా అన్నది తేల్చుకోవడానికి మూడు గ్లాసుల పరీక్ష ఉంది. రెండింటిలో ఒకే బ్లెండ్, మూడోదానిలో మార్చిన బ్లెండ్, తలా 10 మి.లీ. వేరే ఉన్నది ఏదో కనిపెట్టాలి. అయిదుసార్లు చేస్తే కనీసం నాలుగుసార్లు పట్టగలగాలి. ఊరికే ఊహిస్తే అలా కుదిరే అవకాశం 5 శాతం లోపే. పట్టలేకపోతే ఆ చివరి చుక్క అక్కర్లేదు. ఈ పరీక్షలో చాలా చేర్పులు ఎగిరిపోతాయి, బ్లెండ్ సులువవుతుంది.

30, 14, 5, 1 దగ్గర ఆగామనుకోండి. 500 మి.లీ. సీసాకు 300, 140, 50, 10 వస్తాయి. మెడ దాకా నింపి, గట్టిగా మూత పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. అప్పుడే కలిపిన వైన్‌లో ఏ రుచికి ఆ రుచి విడిగా తగులుతుంది, మర్నాటికి సర్దుకుంటుంది. సగం ఖాళీ ఉన్న సీసాలో పెడితే లోపలి గాలికి వాసన పడిపోతుంది, తప్పు బ్లెండ్‌ది కాకపోయినా.

రెండో రోజు వైన్‌ను గంట ముందు, చీజ్‌ను కూడా గంట ముందు బయట పెడతాను. చీజ్ మీద గుడ్డ కప్పాలి, లేకపోతే అంచులు ఎండిపోతాయి. ఫ్రిజ్ చల్లదనంలో కొవ్వు బిగుసుకుని ఉంటుంది, వాసన రాదు, ఉప్పు ఒక్కటే తెలుస్తుంది. మనిషికి రకానికి 25 నుంచి 30 గ్రాములు, నాలుగు రకాలు మించొద్దు. తక్కువ ఘాటు నుంచి ఎక్కువ ఘాటుకు వెళ్ళాలి. నీలి బూజు చారలుండే నీలి చీజ్ ముందు తిన్నాక మిగతా మూడూ మైనంలా ఉంటాయి.

రుచి చూసే తీరు ఇది: ఒక గుక్క వైన్, ఒక ముక్క చీజ్, నోట్లో చీజ్ పూత ఉండగానే మరో గుక్క. తీర్పు చెప్పేది ఆ రెండో గుక్క. వైన్ మొదటికన్నా మెత్తగా, పండుగా అనిపిస్తే జోడీ కుదిరింది. చేదో, ఇనుము నాకినట్టో అనిపిస్తే కుదరలేదు.

మనం కలిపిన ఎర్ర బ్లెండ్‌కు నిజంగా నప్పేవి ముదిరిన గట్టి చీజ్‌లు: పాత చెడ్డర్, ముదురు గౌడా, 12 నెలలు దాటిన మాంచేగో. వాటిలో నీరు తక్కువ, కొవ్వూ ప్రోటీనూ ఎక్కువ, టానిన్‌కు పట్టుకోవడానికి లాలాజలం కాక ఇంకొకటి దొరుకుతుంది. మాంచేగోకు స్పెయిన్ ఎర్ర వైన్ రియోహా కూడా చక్కగా కుదురుతుంది. అదీ చాలావరకు టెంప్రానీయోకు గార్నాచా, గ్రాసియానో వంటివి కలిపిన బ్లెండే.

ఎర్ర వైన్‌కు ఏ చీజైనా సరిపోతుందన్న నమ్మకాన్ని మాత్రం వదులుకోవాలి. బ్రీ, కామాంబేర్ లాంటి మెత్తటి చీజ్‌లు బాగా మగ్గాక తెల్లటి తొక్క దగ్గర అమోనియా వాసన వస్తుంది. వగరు వైన్ దాన్ని తాకితే చేదు పుడుతుంది. తొక్క తీసేసి తింటే కొంత నయం, కానీ అసలు జోడీ షాంపేన్. షార్డొనే, పీనో న్వార్, మునియే కలిపి, చాలాసార్లు పాత సంవత్సరాల వైన్ కూడా చేర్చి చేసే బ్లెండ్ అది. దాని పులుపూ బుడగలూ నాలుక మీది వెన్నపూతను కడిగేస్తాయి. తాజా మేక చీజ్‌కు ఎర్రది తగిలితే సుద్ద తిన్నట్టుంటుంది. సావిన్యాన్ బ్లాంక్, సెమియోన్ కలిపిన తెల్ల బోర్డో పెట్టండి: పులుపుకు పులుపు సరిపోతుంది, సెమియోన్ కొంచెం నిండుదనం ఇస్తుంది. ఇంట్లో కలిపితే 60కి 40తో మొదలుపెట్టవచ్చు. మున్స్టర్ లాంటి ఉప్పునీటితో కడుగుతూ మగ్గబెట్టే ఘాటు చీజ్ దగ్గర బ్లెండ్ పట్టుదల వదిలేస్తాను. దానికి దాని ఊరి తెల్ల వైన్ గెవుర్జ్‌ట్రామినరే సాటి.

నీలి చీజ్ ఉప్పుకూ ఘాటుకూ తీపి వైన్ కావాలి. తీపి లేని ఎర్ర వైన్‌తో అది లోహంలా మారుతుంది. రోక్‌ఫోర్‌కు సోటెర్న్, స్టిల్టన్‌కు పోర్ట్ అన్న జోడీలు ఊరికే నిలవలేదు. ఈ రెండు వైన్లూ బ్లెండ్లే కావడం నాకిష్టమైన విషయం. సోటెర్న్‌లో ఎక్కువ వాటా సెమియోన్‌ది, దానికి సావిన్యాన్ బ్లాంక్ పులుపు తోడు. పోర్ట్‌లో టూరీగా నాసియోనాల్, టూరీగా ఫ్రాంకా వంటి ద్రాక్షలు కలుస్తాయి.

వంటకాలతో జతపరచడానికి నేను వంటకంతో మొదలుపెట్టను, ఒక పళ్ళెంతో మొదలుపెడతాను. నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు, చక్కెర, కాస్త మిరపపొడి, ఉప్పు వేయకుండా ఉడికించిన పుట్టగొడుగు ముక్క. ఒక్కోటి నాలుక మీద పెట్టుకుని వెంటనే అదే వైన్ గుక్క వేస్తే, ఏ వంటకం దగ్గర ఏం జరుగుతుందో ముందే తెలుస్తుంది. నిమ్మ తర్వాత వైన్ పులుపు తగ్గి మెత్తబడుతుంది. ఉప్పు తర్వాత వగరు తగ్గి పండు రుచి పెరుగుతుంది. చక్కెర తర్వాత అదే వైన్ పుల్లగా, చేదుగా మారుతుంది. అందుకే తీపి వంటకం పక్కన వైన్ దానికన్నా తియ్యగా ఉండాలి. మిరప మంటను ఆల్కహాల్ ఎగదోస్తుంది, వగరు కూడా తోడైతే నోరు మండిపోతుంది. కారపు వంటకానికి 14.5 శాతం ఎర్ర వైన్ కన్నా 12 శాతం లోపు, కొద్దిగా తీపున్న తెల్ల వైన్ సుఖం. పుట్టగొడుగులోని ఉమామీ అనే అయిదో రుచి వగరునూ చేదునూ పైకి తెస్తుంది. చాలామందికి ఆశ్చర్యం కలిగించేది ఇదే.

దీన్నిబట్టి వంటకాన్నీ సరిచేయవచ్చు. పుట్టగొడుగుల వేపుడు పక్కన బ్లెండ్ చేదెక్కితే, వైన్ మార్చేముందు వేపుడులో చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. తొమ్మిది సార్లు అదే సరిపోతుంది, పదోసారికి మెర్లో ఎక్కువగా ఉన్న ఇంకో బ్లెండ్ తీయండి. కొవ్వున్న చేప దగ్గర మాత్రం ఈ చిట్కా పనిచేయదు. ఎర్ర వైన్‌లోని ఇనుము నీచు వాసనను లేపుతుంది, అక్కడ తెల్ల బోర్డోకు మారడమే దారి.

కాబెర్నే వరస చేతికొచ్చాక గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ అనే ఎర్ర ద్రాక్షల వైన్లు పట్టుకోండి. 50, 30, 20 శాతాలతో మొదలుపెట్టండి. గ్రెనాష్ ఆల్కహాల్ ఎక్కువగా, వగరు తక్కువగా ఉండే రకం కాబట్టి ఇక్కడ సరిచేయాల్సింది మధ్య బోలును కాదు, చివరి మంటను. ఫ్రాన్స్‌లోని కోట్ రోటీలో సిరాకు 20 శాతం దాకా తెల్ల వియోన్యే చేర్చుకోనిస్తారని చదివి, అప్పటికే తయారైపోయిన రెండు వైన్లనూ ఇంట్లో కలిపితే ఆ ఫలితం రాదు. అక్కడ రెండు ద్రాక్షలూ కలిసే పులుస్తాయి, రంగు నిలబడేది అందుకే. సీసాల్లోంచి కలిపితే రంగు పలచబడటమే మిగులుతుంది.

మిగిలిన వైన్లను చిన్న సీసాల్లోకి మెడ దాకా పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తాయి. సీసా మీద తేదీ, వాటాల అంకెలు రాసిపెట్టండి, లేకపోతే రెండో రోజుకే ఏది ఏదో గుర్తుండదు.