ఆపరేషన్ అయి 44వ రోజు, చిటికెన వేలు

పొద్దున్న కళ్ళు తెరవగానే చేసే మొదటి పని, చిటికెన వేలి చివరి కణుపు వంగుతోందో లేదో చూసుకోవడం. ఇవాళా అంతే. వంగింది. పక్కవాళ్ళకి చూపిస్తే "ఎక్కడ వంగింది?" అంటారు. నాకు మాత్రం కనపడుతుంది.

స్ప్లింట్ తీసేసి రెండు రోజులైంది. పడుకునేటప్పుడు, జనంలోకి వెళ్ళేటప్పుడు ఇంకా పెట్టుకోవాలి. మిగతా వేళల్లో చెయ్యి ఖాళీ. 6 వారాల పాటు ఆ ప్లాస్టిక్ డొప్పని తిట్టని రోజు లేదు. దురద, చెమట, రాత్రి పక్క మీద దొర్లితే మొహానికి తగలడం. తీరా తీశాక చెయ్యి బట్టల్లేకుండా వీధిలో నిలబడ్డట్టుంది. నిన్నంతా దాన్ని పొట్టకి ఆనించుకుని తిరిగాను. అమ్మ చూసి, "విప్పమన్నది కదిలించడానికిరా, దాచుకోవడానికి కాదు" అంది. నిజమే. కానీ ఇంకో 6 వారాల దాకా బరువెత్తకూడదు, గట్టిగా పిడికిలి పట్టకూడదు, వేలిలో కుట్టిన టెండన్ మళ్ళీ తెగే ప్రమాదం ఇంకా ఉంది అని సర్జన్ చెప్పిన మాట కూడా నిజమే కదా.

అసలు ఎంత చిన్న గాయం! గాజు గ్లాసులో చెయ్యి పెట్టి తోముతుంటే పగిలింది. చిటికెన వేలి మొదట్లో, అరచేతి వైపు, ఒకటిన్నర సెంటీమీటరు కోత. రక్తం కూడా పెద్దగా పోలేదు. మొదట వెళ్ళిన చోట కడిగి, మూడు కుట్లు వేసి, టెటనస్ సూది పొడిచి పంపేశారు. వేలు వంచమని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, కట్టు బిగుతు వల్ల వంగట్లేదనుకున్నాను. నాలుగో రోజు కట్టు మార్చేటప్పుడు చూస్తే మిగతా వేళ్ళు కాస్త ముడుచుకుని ఉన్నాయి, ఇదొక్కటే కర్రముక్కలా చాపుకుని ఉంది. చేతి సర్జన్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన నడిమి కణుపుని పట్టుకుని "కొస వంచండి" అన్నారు. వంగలేదు. మిగతా వేళ్ళని చాపి పట్టుకుని "ఇప్పుడు మొత్తం వేలు వంచండి" అన్నారు. అదీ లేదు. రెండు పరీక్షలకీ కలిపి అర నిమిషం పట్టి ఉండదు. ఆ అర నిమిషం మొదటి రోజే దొరికి ఉంటే అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చుట్టాలందరికీ మాత్రం ఒకటే మాట: "నరం తెగిందట." మొదట్లో సరిదిద్దేవాణ్ణి. నరం కాదు పిన్నీ, టెండన్, కండరాన్ని ఎముకకి కట్టే తాడు, బళ్ళో స్నాయుబంధనం అని చదువుకున్నామే, అది. తర్వాత మానేశాను, ఎందుకంటే ఆపరేషన్‌లో చూస్తే వేలికి ఒక పక్కన ఉండే నరం కూడా తెగిందని తేలింది. పిన్ని గెలిచింది.

వేళ్ళని వంచే పెద్ద కండరాలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి తాళ్ళు బయల్దేరి, మణికట్టు కింది సొరంగంలోంచి దూరి వేళ్ళ కొసల దాకా వస్తాయి. ఒక్కో వేలికి రెండేసి తాళ్ళు. పైది నడిమి కణుపుని వంచుతుంది. లోపలిది, పైదాని చీలికలోంచి దూరి కొసదాకా వెళ్తుంది. ఈ రెండింటినీ ఎముకకి అదిమిపట్టి ఉంచడానికి గిలకల లాంటి పట్టీలు. అవి లేకపోతే వేలు వంచినప్పుడల్లా తాడు విల్లునారిలా పైకి లేస్తుంది. ఇంత ఇరుకు తొడుగులో రెండు తాళ్ళు పక్కపక్కనే తెగితే, కుట్టాక రెండూ ఒకదానికొకటి, తొడుగుకీ అతుక్కుపోతాయి. అందుకే స్టెర్లింగ్ బనెల్ అనే అమెరికా సర్జన్ వేలిలోని ఆ భాగాన్ని ఎవరూ అడుగుపెట్టకూడని నేల అన్నాడు. అక్కడ తెగితే వెంటనే కుట్టొద్దు, చర్మం మానాక వేరే చోటి నుంచి తాడు తెచ్చి వేయండి అని ఆయన కాలపు పద్ధతి. 1960ల్లో హెరాల్డ్ క్లైనర్ట్ లాంటివాళ్ళు వెంటనే కుట్టి, రబ్బరు బ్యాండుతో తొందరగా కదిలించి చూపిస్తే మొదట్లో చాలామంది నమ్మలేదట. నా కోత సరిగ్గా ఆ నేల మీదే పడింది.

ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇవ్వలేదు. రక్తం ఎక్కువ కారకుండా అడ్రినలిన్ కలిపిన మత్తుమందు సూదులతో వేలినీ అరచేతినీ మొద్దుబారేలా చేశారంతే. (వేళ్ళకి అడ్రినలిన్ ఇవ్వకూడదని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారట.) లోపలి తాడు కొస అరచేతిలోకి లాక్కుపోయింది. అక్కడ ఇంకో కోత పెట్టి దాన్ని వెతికి బయటికి తీశారు. కుట్టడం అయ్యాక సర్జన్ తెర కొంచెం పక్కకి జరిపి "ఒకసారి వంచండి, కుట్టు దగ్గర ఖాళీ వస్తుందేమో చూద్దాం" అన్నారు. నా వేలిలో నా తాడు, ముత్యంలా తెల్లగా, నేను వంచితే గిలక కిందికి దూరి మళ్ళీ బయటికి వచ్చింది. భయం వెయ్యలేదు. ఎవరిదో చెయ్యిలా ఉంది.

భయం తర్వాత మొదలైంది. ఆపరేషన్ అయిన నాలుగో రోజే ఫిజియోథెరపిస్ట్ "కదిలించాలి" అంది. మొదటి రెండు మూడు వారాలే కుట్టు అన్నిటికంటే బలహీనంగా ఉండే కాలమని అదే నోటితో చెప్పింది. తాడు తొడుగులో 3 నుంచి 5 మిల్లీమీటర్లు జారినా చాలట, అతుక్కోకుండా. అంతకు మించి బలం పెడితే తెగుతుంది. కదలాలి, లాగకూడదు. గంటగంటకీ స్ప్లింట్ లోపలే ఎడమ చేత్తో వేలిని మెల్లగా మడిచి, మళ్ళీ చాపడం. తర్వాత సగం పిడికిలి దాకా సొంతంగా వంచడం. బస్తాలు మోసేవాడికి కూడా ఇంత అలసట ఉండదేమో, ఒక వేలికి కాపలా కాయడమంటే.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడ దగ్గరికే వెళ్ళాను. కోణాలు కొలిచే స్కేలు పెట్టింది. నడిమి కణుపు 80 డిగ్రీలు వంగుతోంది, చివరిది 30. పూర్తిగా చాపడానికి 15 తక్కువ. 80, 30 కలిపి 15 తీసేస్తే 95. మామూలు వేలికి ఈ రెండు కణుపులకీ కలిపి 175 అని లెక్క. అంటే 54 శాతం. పట్టికలో ఆ గడికి 'ఫర్వాలేదు' అని అర్థం వచ్చే మాట ఉంది. తెలుగులో ఫర్వాలేదు అనేదాన్ని ఎంత దిగులుగా అనొచ్చో మనకి తెలియంది కాదు.

తర్వాత ఆవిడ తన చేత్తో వంచింది. చాలా దూరం వంగింది. "చూశారా, కీలు బాగానే ఉందండీ. మీరు వంచితే ఆగుతోందంటే లోపల తాడు కొంచెం పట్టేసింది." నా మొహం చూసి నవ్వింది. "మరీ తేలిగ్గా వంగేవాళ్ళ గురించే మాకు ఎక్కువ టెన్షన్. బాగైపోయిందనుకుని బకెట్ ఎత్తేస్తారు."

దారంతా అదే ఆలోచన. తెగిన రెండు కొసల్నీ కలిపే కణజాలమూ, తాడుని తొడుగుకి అంటించేసే కణజాలమూ ఒకటే. నీకు ఇక్కడే పని, అక్కడ కాదు అని దానికి చెప్పడానికి రోజంతా వేలు ఆడించడం తప్ప ఇంకో భాష లేదు. తాడుకి పట్టిన అతుకులు వదలకపోతే కొన్ని నెలలు ఆగి, మళ్ళీ కోసి ఆ అతుకుల్ని విడదీసే ఆపరేషన్ ఉందట. దాని గురించి ఇవాళ ఆలోచించదల్చుకోలేదు.

సాయంత్రం జరిగింది రాయాలి. బల్ల అంచు నుంచి ఫోన్ జారింది. నేను ఏమీ అనుకోలేదు, చెయ్యే వెళ్ళింది. కుడి చెయ్యి. నాలుగు వేళ్ళూ ఒక్కసారిగా మూసుకున్నాయి. అరక్షణం పట్టు దొరికింది, మళ్ళీ జారి కింద పడింది. నేను కదలకుండా నిలబడిపోయాను. టప్‌మని ఏమైనా వినపడిందా? ఫోన్ చప్పుడా, వేలి చప్పుడా? కూర్చుని, ఎడమ చేత్తో నడిమి కణుపు పట్టుకుని, కొస వంచమని వేలిని అడిగాను. వంగింది. మళ్ళీ. వంగింది. ఏడోసారికి అమ్మ, "ఇంక వదిలేయి, నువ్వు చూసి చూసే అరగ్గొట్టేలా ఉన్నావు" అంది.

నరం సంగతి కూడా చూసుకున్నాను. మచ్చ నుంచి కొస వైపుకి తట్టుకుంటూ వెళ్తే ఒకచోట కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది, నరం అక్కడిదాకా పెరిగిందని గుర్తు. రోజుకి 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. పోయిన వారం మీద కొంచెం ముందుకి జరిగింది. దాని పైన వేలి అంచు ఇంకా అట్టముక్కలా ఉంది.

స్ప్లింట్ పెట్టేసుకున్నాను. పట్టీలు ఎడమ చేత్తో, పళ్ళతో. ఇదంతా ఎడమ బొటనవేలితోనే టైపు చేస్తున్నా, స్క్రీన్ మీద మూల నుంచి మూలకి పడ్డ పగులు మీదుగా.