రంగు మాడిపోకుండా రంగుల వాఫిల్స్

గిన్నెలో గులాబీలా ఉన్న పిండి వాఫిల్ మేకర్‌లోంచి ఇటుకరంగులో బయటికొచ్చిందంటే, కారణం చాలావరకు ఎక్కువ వేడి, ఎక్కువ చక్కెర. వాఫిల్ పైభాగం ఎర్రబడేకొద్దీ లోపలి రంగు కనిపించదు. మరీ తక్కువ కాలిస్తే కరకర పోతుంది. అందుకే ఎర్రబడటాన్ని తగ్గించి, కరకరకు వేరే దారి చూసుకుంటాను.

నాలుగు రంగులకు నా కొలతలివి: మైదా 250 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 40 గ్రాములు, బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, చక్కెర ఒకే ఒక్క టేబుల్ స్పూను. తడివి: పాలు 200 మి.లీ., నీళ్ళు 200 మి.లీ., నాలుగు గుడ్ల తెల్లసొన, వాసన లేని నూనె 100 మి.లీ. పచ్చసొన కలిస్తే నీలం కాస్తా ఆకుపచ్చలోకి తిరుగుతుంది. వెన్నదీ పసుపు ఛాయే, పైగా అందులోని పాల పదార్థం తొందరగా ఎర్రబడుతుంది. సగం పాలకు బదులు నీళ్ళు పోయడం కూడా అందుకే. కరకర కార్న్‌ఫ్లోర్, నూనె చూసుకుంటాయి.

పొడి పదార్థాలన్నీ జల్లించి, తూకం వేసి నాలుగు భాగాలు చేస్తాను. తెల్లసొనను నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, పాలు కలిపి, దాన్నీ నాలుగు గిన్నెల్లో సర్దుతాను. నూనె పైకి తేలి సమంగా పంచుకోదు కనుక ఒక్కో గిన్నెలో 25 మి.లీ. విడిగా పోస్తాను. మిగిలిన 50 మి.లీ. నీళ్ళలోనే రంగు కలుపుతాను. పిండి వేశాక రంగు కలపబోతే అది సమంగా అంటేదాకా తిప్పాలి. మైదాను అంత తిప్పితే వాఫిల్ సాగుతుంది. పిండి వేశాక పదిపదిహేను తిప్పులు చాలు, చిన్న ఉండలున్నా ఫర్వాలేదు.

జెల్ కలర్ అయితే టూత్‌పిక్ కొనతో మొదలుపెట్టి, కావలసినదానికన్నా ఒక ఛాయ ముదురుగా ఆపుతాను. సహజమైన రంగులే కావాలంటే ఒక్కోదానికీ ఒక్కో స్వభావం. బీట్‌రూట్ రసానికి అర టీస్పూను నిమ్మరసం తోడైతే ఎరుపు కొంత నిలుస్తుంది, అయినా వేడికి కొంత వెలిసిపోవడం ఖాయం. పాలకూరను వేడినీళ్ళలో ముంచి తీసి, ఆ 50 మి.లీ. నీళ్ళతోనే మెత్తగా తిప్పి వడకడతాను. దాంట్లో నిమ్మరసం పడకూడదు, పడితే ఆకుపచ్చ నాచురంగులోకి దిగుతుంది. పసుపు పావు టీస్పూను చాలు. బేకింగ్ సోడా జోలికి మాత్రం పోను: పసుపును ఎర్రగా మారుస్తుంది, బీట్‌రూట్ రంగును చెడగొడుతుంది. నీలానికి ఎండిన శంఖపుష్పాలను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు చల్లారాక పోస్తాను. వేడిగా పోస్తే తెల్లసొన ఉడికిపోతుంది.

మెషిన్ పూర్తిగా వేడెక్కాలి, కానీ సెట్టింగ్ మధ్యలోనే ఉండాలి. ప్లేట్లకు బ్రష్‌తో పలచగా నూనె రాస్తాను. నాన్‌స్టిక్ ప్లేట్లకు స్ప్రే వాడను, అది జిగురు పొరలా పేరుకుంటుంది. ముందు లేత రంగులు, అంటే పసుపు, తర్వాత గులాబీ, ఆకుపచ్చ, చివర నీలం. అప్పుడు ఒకదాని ముక్కలు మరోదానికి అంటినా కనిపించవు. తర్వాతి గిన్నెలో పొడిపిండిని ముందుది కాలుతుండగానే కలుపుతాను. ముందే కలిపి పెడితే బేకింగ్ పౌడర్ పొంగు తగ్గి, చివరి వాఫిల్స్ గట్టిగా వస్తాయి.

ఆవిరి ఆగేదాకా మూత ఎత్తకూడదు. దాదాపు నాలుగైదు నిమిషాలు. ఎత్తబోతే మూత పట్టినట్టుంటే మరో అర నిమిషం వదిలేయాలి. బలవంతంగా తీస్తే వాఫిల్ రెండు పొరలుగా చీలుతుంది. ఒకే వాఫిల్‌లో రెండు రంగులు కావాలంటే పిండి రెండూ ఒకే చిక్కదనంలో ఉండాలి. సీసాలతో పక్కపక్కనే చారలు వేసి, వెంటనే మూత వేయడమే. పలచనిది చిక్కనిదాని కిందికి జారి మురికిరంగు చేస్తుంది.

తీసినవి ఒకదానిమీద ఒకటి పేర్చితే ఆవిరికి మెత్తబడతాయి. 95 డిగ్రీల ఓవెన్‌లో జాలీమీద విడివిడిగా పెడితే ఇరవై నిమిషాలు కరకరలాడుతూ ఉంటాయి. ముదురు సిరప్ పైన పోస్తే అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి, కాబట్టి చిన్న గిన్నెలో పక్కన పెడతాను. పైకి మాత్రం తెల్లటి క్రీమ్, పళ్ళ ముక్కలు.