అద్దంలో మాత్రమే కరెక్టుగా ఉండే హాకీ టీషర్టు

మొన్న ఆన్‌లైన్‌లో ఒక హాకీ టీషర్టు తెప్పించుకున్నాను. నల్ల బట్ట మీద బంతి కొడుతున్న ఆటగాడి బొమ్మ, అదిరిపోయింది. వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా. రాత్రి విప్పి మంచం మీద పడేశాక మాత్రం ఏదో తేడా కొట్టింది, ఏమిటా అని వంగి చూస్తే బొమ్మలో కుడి చెయ్యి కర్ర పైన, ఎడమ చెయ్యి కింద ఉన్నాయి!

ఇందులో ఏముంది, ఎడమచేతివాటం వాడేమో అంటారా? మైదానం హాకీలో అది కుదరదు. స్టిక్ ఎడమవైపే చదునుగా ఉంటుంది, రెండోవైపు గుండ్రం, ఆ గుండ్రటి వైపుతో బంతి కొడితే ఫౌల్. ఎడమచేతి వాళ్ల కోసం వేరే స్టిక్ అంటూ లేదు, రాసేది ఏ చేత్తో అయినా ఆడేటప్పుడు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కిందే. అంటే డిజైన్ చేసినవాళ్లు బొమ్మని అటుదిటు తిప్పేశారన్నమాట. అద్దం మళ్లీ తిప్పింది కాబట్టి నాకు పొద్దున్న తేడా తెలియలేదు.

ఐస్ హాకీ అయితే ఈ గొడవే లేదు, అక్కడ స్టిక్‌లు రెండు చేతివాటాలకీ దొరుకుతాయి. అసలు హాకీ టీషర్టు అని వెతికితే సగం పైగా వచ్చేవి ఐస్ హాకీవే, ఒకదాని మీద ఐస్ హాకీ స్టిక్ పక్కన తెల్ల బంతి వేసి ఉంది, అది ఏ ఆటో వాళ్లకే తెలియాలి. అక్కడ ఆడేది బంతితో కాదు, పక్‌తో: అంగుళం మందం, మూడంగుళాల వెడల్పున్న రబ్బరు బిళ్ల. అయినా వాళ్ల జెర్సీలంటే నాకు ఇష్టమే. ఒకప్పుడు ఉన్నితో అల్లేవారు కాబట్టి ఇప్పటికీ వాటిని స్వెటర్లనే అంటారు. అసలు జెర్సీలో వెనకవైపు లోపల ఒక పట్టీ ఉంటుంది, దాన్ని ప్యాంటుకి బిగించుకుంటారు, కొట్లాటలో అవతలివాడు జెర్సీని తల మీదికి లాగెయ్యకుండా. సోఫాలో కూర్చుని మ్యాచ్ చూసే మనకి ఆ పట్టీతో పనేమిటో గానీ, ఉంటే బావుంటుంది. హార్ట్‌ఫర్డ్ వేలర్స్ లోగో ఉన్న షర్టు కూడా ఒకటి కొనాలి. ఆ జట్టు 1997లోనే ఊరు మారి, పేరు కూడా మార్చుకుంది, కానీ కింద డబ్ల్యూ, పైన తిమింగలం తోక, రెండిటి మధ్య ఖాళీలో హెచ్ అక్షరం కనిపించే ఆ లోగోని మించింది నేను చూడలేదు.

నంబర్ షర్టుల్లో 99 వేసుకుంటే ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ అని పేరు రాయక్కర్లేదు, 2000లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆ నంబర్‌ని అన్ని జట్లలోనూ ఆపేసింది. మన గోల్‌కీపర్ శ్రీజేష్ 16 కూడా అంతే, 2024 పారిస్ ఒలింపిక్స్ కాంస్యం తర్వాత సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వమని హాకీ ఇండియా చెప్పేసింది. కానీ ఆ 16ని మిగతా జట్టు వేసుకునే నీలం షర్టు మీద వేస్తే నాకు ఒళ్లు మండుతుంది, గోల్‌కీపర్ రెండు జట్లకీ వేరే రంగు వేసుకోవాలి కదా!

నా టీషర్టు వెనక్కి పంపుదామని చూశాను. కారణాల లిస్టులో సైజు, రంగు, చిరుగు ఉన్నాయి గానీ 'ఆటగాడి చేతులు తారుమారు' అని లేదు. సరే అని ఉంచేసుకుని వీడియో కాల్స్‌లో వేసుకుంటున్నాను. నా స్క్రీన్‌లో నాకు కరెక్టుగా కనిపిస్తుంది, అవతలివాళ్లకి తిరగబడి కనిపిస్తుంది, ఇంతవరకు ఒక్కరూ పట్టుకోలేదు.