ఆదివారం, జాలరిపేట గాలి

రాత్రి 10:30.

మా ఇంటికి చేపలు తెచ్చే అమ్మ నెల క్రితం తట్ట దింపుతూ, "మా మనవడికి ఆ సైన్సు కాస్త చెప్పమ్మా, పదో తరగతికి వచ్చాడు" అంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం విశాఖ పెదజాలరిపేట నుంచి ఎంవీపీ కాలనీలో మా ఇంటికి నడిచి వస్తున్నాడు.

ఇవాళ్టి పాఠం ఉష్ణం. మధ్యాహ్నం బీచ్‌లో ఇసుక కాళ్లు కాల్చేస్తుంటే నీళ్లు మాత్రం చల్లగా ఎందుకుంటాయని అడిగాను. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే ఒక కేలరీ కావాలి, ఇసుకకి అందులో దాదాపు అయిదో వంతు చాలు. అందుకే పగలు నేల త్వరగా వేడెక్కి గాలి సముద్రం మీంచి వస్తుంది, రాత్రి నేలే ముందు చల్లారి గాలి సముద్రం వైపు వెళుతుంది. ఇంత వరకూ చెప్పేసరికి వాడు పెన్ను పక్కన పెట్టేశాడు.

"అందుకేనా అక్కా! మా తాత తెరచాప తెప్ప మీద తెల్లారకముందే పోయేవాడంట. రాత్రి గాలి లోపలికి తోస్తాది, పగటి గాలి ఒడ్డుకి తెస్తాది అనేవాడు."

నాకు కాసేపు మాట రాలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను, ఈ నగరంలోనే పుట్టి పెరిగాను, అయినా ఆ పాఠంలో తెప్ప ఎప్పుడూ కనబడలేదు. విషయం వాడికి ముందే తెలుసు. నేను కారణం చెప్పానంతే. ఆ క్షణంలో వాడి ముఖం చూశాక, నా ఆఫీసు పనిలో ఇలాంటి రోజు ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను.

భోజనాల దగ్గర, కానాగంతల పులుసు వడ్డిస్తున్న అమ్మతో బీఈడీ చేద్దామనుకుంటున్నానని అనేశాను. గరిటె ఆగిపోయింది. "రెండేళ్లు బీఈడీ, ఆ తర్వాత టెట్, ఆ తర్వాత డీఎస్సీ. అది ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసే? మీ చిన్నత్త ఎదురుచూసి ఎదురుచూసి మానేసింది." అమ్మ టెన్షన్ ఉత్తది కాదు. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2025లోనే. అప్పుడు 16,347 పోస్టులు వచ్చాయి, నిజమే, కానీ మధ్యలో ఎందరి వయసు గడిచిపోయిందో! ప్రైవేటు స్కూల్లో చేరితే ఇప్పటి జీతంలో సగం కూడా రాదు.

నా భయం మాత్రం వేరే. ఒక్కడికి చెప్పడం వేరు, నలభై మందికి చెప్పడం వేరు. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్న పిల్లకి కూడా అందేలా చెప్పగలనా? బీఈడీ రెండో ఏడాదిలో 16 వారాలు బడిలోనే ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అందరూ దాన్ని ఒక తంతులా చెబుతారు. నాకు కావలసింది అదే.

సాయంత్రం, హైస్కూల్లో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడంకి ఫోన్ చేశాను. గురువారం నాకు వీక్లీ ఆఫ్, మీ క్లాసులో వెనక కూర్చోనా అని అడిగాను.

"రా అమ్మా. తొమ్మిదో తరగతి, మూడో పీరియడ్. కానీ ఊరికే కూర్చుంటే కుదరదు, పది నిమిషాలు నువ్వు చెప్పాలి."

ఆ తాత మాటతోనే మొదలుపెట్టాలని ఉంది. ముందు మనవణ్ని అడగాలి.