సంతకం కోసం పోయి గంట కూర్చున్నా

పొద్దున అల్లూరు బస్సు పెన్నా బ్రిడ్జి దాటేసరికే తొమ్మిదిన్నర అయింది, కోవూరు కాడ్నుంచి వాన, ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్ట్ అవర్ పోయినట్టే అని బస్సులోనే అర్థమైపోయింది. ఈ నెలలో ఇట్టా పోవడం ఎన్నోసారో లెక్కే లేదు.

మధ్యాహ్నం ఓపెన్ ఎలెక్టివ్ (వేరే బ్రాంచి సబ్జెక్టు ఒకటి మనమే ఎంచుకునేది) ఫారం మీద మెంటర్, అంటే మమ్మల్ని చూసుకునేదానికి పెట్టిన లెక్చరర్, సంతకం కావాలంటే మేడం రూముకి పోయినా. రెండేళ్లకి పైగా మెంటర్ అంటే నాకు సంతకమే, ఇంకేం తెలవదు. మా బెంచోళ్లందరూ ఏది పెట్టారో అదే నేనూ టిక్ చేసుకోని పోయినా. మేడం పెన్ను తీసి, ఆగి, "ఇదెందుకు తీసుకుంటున్నావబ్బా?" అనింది. నా కాడ జవాబు లేదు. మార్కులు బాగా పడతాయంట మేడం అన్నా. కూర్చో, మార్కుల మెమోలు తెచ్చావా అనింది. తేలా. ఫోన్లో ఉన్న ఫొటోలే చూపించినా.

ఒక తెల్లకాయితం తీసి బాణం గుర్తులు వేసింది. సెకండ్ ఇయర్‌లో నాకు సిగ్నల్స్ సబ్జెక్టు ఫెయిలయి పోయింది కదా, దాన్నుంచి వచ్చే సెమ్ డీఎస్పీకి (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) ఒక బాణం, ఇంకోటి కమ్యూనికేషన్స్‌కి, ఇంకోటి ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షకి. "నూట అరవై క్రెడిట్లలో మూడే కదా, తర్వాత రాద్దాంలే అనుకుంటున్నావు, కానీ దీని మీద ఎన్ని నిలబడి ఉండాయో చూడు" అని సిగ్నల్స్ చుట్టూ ఎర్రపెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టింది. నేను దాన్ని మళ్లీ రాసే సప్లీ పరీక్ష ఫీజు లెక్కలోనే చూస్తా ఉన్నా ఇన్నాళ్లూ, సబ్జెక్టులు ఇట్టా ఒకదానికొకటి తగులుకోనుంటాయని ఎవురూ గీసి చూపించలా.

ఎన్‌పీటీఈఎల్ గురించి, అదే ఐఐటీ వాళ్ల ఆన్‌లైన్ కోర్సుల గురించి కూడా అడిగినా. జనవరిలో మొదలయ్యేదాంట్లో పన్నెండు వారాల కోర్సు తీసుకుంటే పన్నెండు అసైన్‌మెంట్లలో బెస్ట్ 8 లెక్కేస్తారు, వాటికి 25 మార్కులు, సెంటర్‌కి పోయి రాసే పరీక్షకి 75, రెండింట్లో విడివిడిగా పాసవ్వాలి, అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో 30. క్రెడిట్లు మనకి కలుస్తాయా లేదా అనేది చేరకముందే డిపార్ట్‌మెంట్‌లో కాయితం మీద రాయించుకో, నోటిమాట నమ్మి కూర్చోవద్దు అని గట్టిగా చెప్పింది.

అప్పుడు అటెండెన్సు తీసి చూసింది. 71 శాతం. ఏంది ఇది అనింది. చెప్పాలా వద్దా అని కాసేపు నేల చూస్తా ఉండి, ఇంక చెప్పేసినా. నాన్న రొయ్యల చెరువు కాడ పడి కాలు విరిగింది, రాత్రిళ్లు చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు చూసుకునేదానికి నేనే పోతున్నా, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాల, లేకపోతే తెల్లారేసరికి సరుకంతా పోద్ది, పడుకునేసరికి మూడు అవుద్ది. మేడం పెన్ను కింద పెట్టేసింది. "నెలన్నర నుంచి ఇట్టా ఉంటే ఒక్క మాట చెప్పొద్దా, నువ్వు చెప్పకపోతే నాకెట్టా తెలుస్తుంది నాయనా" అనింది. కోపంగా అనలా. అందుకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డెబ్బై అయిదు లోపు, అరవై అయిదు పైన ఉంటే కండొనేషన్, అంటే తక్కువైన అటెండెన్సుని మాఫీ చెయ్యమని అడగొచ్చు కానీ అది ఆరోగ్యం లాంటి గట్టి కారణానికే, దానికీ కాయితాలు కావాల, అరవై అయిదు దిగినావంటే ఎవురమూ ఏం చెయ్యలేం అనింది. మిగిలిన క్లాసులు లెక్కేసి, ఇంకెన్ని పోకూడదో కాయితం వెనక రాసిచ్చింది. ల్యాబ్ సార్‌తో తనే మాట్లాడతానంది.

ఫారం మీద సంతకం పెట్టలా. శుక్రవారం నాలుగింటికి మెమోలు తీసుకోని రా, ఎలెక్టివ్ ఏదో, ఎందుకో నువ్వే చెప్పు, అప్పుడు పెడతా అనింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, రేపటినుంచి రెండు రాత్రిళ్లు మామని చెరువు కాడికి పంపిస్తానంది. ఇప్పుడు పదకొండు అవుతుంది, నేను చెరువు కాడే ఉండా, ఏరేటర్లు తిరుగుతా ఉండాయి. నోట్‌బుక్ వెనక శుక్రవారానికి అడగాల్సినవి రాసుకుంటున్నా, ఇప్పటికి నాలుగు అయినాయి. మొదటిది, సప్లీకి సిగ్నల్స్‌లో ముందు ఏ యూనిట్ పట్టుకోవాల.